కణాలను లేపిన టపాకాయ

మా ఆవిడ దర్జీ. వీధంతా ఆమెను టపాకాయ అంటుంది. కుట్టు వంకరపోతే, కుట్టింది తనే అయినా సరే, ఎదురుగా ఉన్నవాడి మీద విరుచుకుపడుతుంది. ఆ ఎదురుగా ఉండే ప్రాణిని నేనే.

ఆమె చెల్లెలికి రక్త క్యాన్సర్. అక్కతో మాటకు మాట అప్పజెప్పే పిల్ల, ఆసుపత్రిలో గోడవైపు తిరిగి పడుకుని నోరు విప్పడం మానేసింది. మందులేవీ పనిచేయలేదు. చివరికి డాక్టరమ్మ ఒక కొత్త వైద్యం చెప్పింది. అక్క రక్తంలోంచి నేచురల్ కిల్లర్ కణాలు తీసి చెల్లికి ఎక్కిస్తారట.

"కిల్లర్లా? నా ఒంట్లోనా?" అంది మా ఆవిడ. నాకేం ఆశ్చర్యం కలగలేదు.

"అందరి ఒంట్లోనూ ఉంటాయమ్మా. మన కణాలు 'నేను మనవాణ్ణే' అని ఒక గుర్తు చూపిస్తాయి. అది చూసి ఇవి ఆగిపోతాయి. ఆ గుర్తు లేకుండా, చెడిపోయిన లక్షణాలు కనిపిస్తే మీద పడి చంపేస్తాయి."

బ్రేకూ, యాక్సిలరేటరూ అన్నమాట. బస్సు డ్రైవర్ని కదా, చప్పున అర్థమైంది.

"మరి మా చెల్లి కణాలేం చేస్తున్నాయండీ, గాడిదలు కాస్తున్నాయా?"

"క్యాన్సర్ వాటిని నీరసపరిచింది. మీ అక్కాచెల్లెళ్ల కణాల గుర్తులు సగమే కలిశాయి. మీ కణాలు వెతికే గుర్తు మీ చెల్లి కణాల మీద లేదు. అందుకే మీవి ఆగకపోవచ్చు. కాకపోతే ముందు వాటిని లేపాలి."

ఎలా లేపాలో చెప్పేలోపు డాక్టరమ్మను ఎవరో పిలిచారు.

ఇక చూడండి నా తిప్పలు! రక్తం ఇచ్చే రోజు పొద్దున్నే నా మీద, పక్కింటాయన మీద, ఆఖరికి ఆసుపత్రి లిఫ్టు మీద కూడా అరిచింది.

"ఏమిటే ఈ గోల?"

"మీరుండండి! కణాల్ని లేపుతున్నా."

ల్యాబు అమ్మాయి పడీపడీ నవ్వింది. "కోపానికి లేవవు ఆంటీ. వాటిని లేపే ప్రోటీన్ వేరే ఉంది. అందులో రాత్రంతా ఉంచుతాం."

మా ఆవిడ మొహం చిన్నబోయింది. అయినా ఊరుకుంటుందా? మర్నాడు వెళ్లి, తన కణాలను చెల్లి క్యాన్సర్ కణాలతో కలిపి పరీక్షిస్తుంటే మైక్రోస్కోపుకు కన్ను అతికించింది. "అయ్యో, చుట్టుముట్టేశాయండీ! అదిగో, ఒకటి పగిలింది! ఏం చేశాయమ్మాయ్?"

"క్యాన్సర్ కణానికి కన్నం పెట్టి లోపలికి విషం పంపాయి."

"నావేనా?"

"మీవే."

ఆ కణాలను మరదలికి ఎక్కించారు. వారాలు గడిచాయి. ఒకరోజు డాక్టరమ్మ, ప్రస్తుతానికి రక్తంలో క్యాన్సర్ కణాలు కనబడటం లేదంది. మంచం మీద మనిషి మాత్రం గోడవైపే ఉంది. మాకు నమ్మబుద్ధి కాలేదు.

ఆ మధ్యాహ్నం మా ఆవిడ, దిండు గలీబు కుట్టు ఊడిందని నర్సు మీద ఎగిరింది.

"అబ్బ, నోరు మూస్తావా అక్కా? చెవులు చిల్లులు పడుతున్నాయి!"

గోడవైపు నుంచి వచ్చింది ఆ మాట. మా ఆవిడ చేతిలోంచి గలీబు జారిపోయింది. చెల్లెలి మంచం మీద కూలబడి, భోరుమని ఏడుస్తూ బతిమాలింది.

"ఇంకోసారి తిట్టవే."