కాగుకు పుట్టని కల్డెరా

మా పక్కింటి టీచరు గారు పోయిన మంగళవారం పొద్దున్న కన్నుమూశారు. "అత్తయ్యగారు లేవలేదండీ," అంది వాళ్ళ కోడలు గోడ అవతల నుంచి. నేను స్టవ్ ఆపి వెళ్ళాను. మంచం పక్కన కళ్ళజోడు, దాని కింద బడి ఉత్సవ సంచిక. ముప్పై ఒకటో పేజీ మడిచి ఉంది. ఆ మడత ఎందుకో తెలిసినదాన్ని కనక ఇది రాస్తున్నాను.

ఆవిడ రాజోలులో ముప్పై ఏళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పారు. పెళ్ళి పత్రికలో అక్షర దోషం కనబడితే ఎర్ర సిరాతో దిద్ది, చదివింపుల కవరుతో పాటు అదీ చేతిలో పెట్టేవారు. చాలామంది పిలవడం మానేశారు. ఆవిడ ఆ భోజనాల కోసం బెంగపెట్టుకోలేదు.

అగ్నిపర్వతాల పాఠం వస్తే పిల్లల్ని బడి పక్కనే ఉన్న తన పెరట్లోకి తీసుకొచ్చి, నీళ్ళు కాచే రాగి కాగు చూపించేవారు. మా అమ్మాయితో పాటు ఒకసారి నేనూ విన్నాను.

"కొండ లోపలున్నదంతా కక్కేశాక, బోలుగా మిగిలిన నెత్తి కూలిపోద్ది. ఆ పెద్ద గుంటే కల్డెరా. వాన పడితే చెరువవుద్ది. పోర్చుగీసు వాళ్ళు కల్దెయిరా అంటారు, స్పెయిను వాళ్ళు కల్దేరా. రెండూ నీళ్ళు కాచే పాత్రలే. ఫ్రెంచి షోదియేర్, ఇంగ్లీషు కాల్డ్రన్ వాటి చుట్టాలు. అన్నీ లాటిన్‌లో వేడి అనే మాటలోంచి వచ్చేయి. మన కాగు కాగడంలోంచి రాలేదూ? అలాగన్నమాట."

"అయితే మన కాగు కూడా చుట్టమేనాండీ?" అంది మా అమ్మాయి.

"కాదు. జర్మనీ వాళ్ళు అలాంటి గుంటని కెస్సెల్ అంటారు. అదీ వంటపాత్రే, పుట్టుక మాత్రం వేరు. అర్థం కలిసినంత మాత్రాన అక్కచెల్లెళ్ళు అయిపోరు."

ఉత్సవ సంచికకు ఆవిడ ఇదంతా మూడు పేజీలు రాశారు. చెయ్యి వణుకుతుందంటే సాపు రాసింది నేను. సంపాదకుడు ఆవిడ పాత శిష్యుడే, పూర్వ విద్యార్థుల సంఘం అధ్యక్షుడు. మూడు పేజీల్ని నాలుగు వాక్యాలు చేసి, ముప్పై ఒకటో పేజీ పైన "ప్రపంచానికి కల్డెరానిచ్చిన మన కాగు" అని పెట్టి, కింద టీచరు గారి పేరు వేశాడు. మిగిలిన చోటు వృథా పోకుండా శాలువా కప్పుకున్న తన ఫోటో రెండుసార్లు వేసుకున్నాడు. ఆయన ఇంటికి ఇద్దరం వెళ్ళాం.

"ఇది నేను రాయలేదు బాబూ."

"మీరే కదండీ మాకు కాగు చూపించేరు."

"పోలిక చూపించేను. పుట్టుక కాదు."

"ఆయ్, అంత తేడా ఎవరు చూత్తారండీ. మన భాషకి గొప్ప కదండీ, పోనిద్దురూ."

"అప్పట్లో నీకు మార్కులెయ్యక తప్పు చేశాననుకునేదాన్ని. ఇవాళ ఆ బెంగ తీరింది," అన్నారు టీచరు గారు, లేస్తూ.

సవరణ చీటీ అచ్చేయిస్తానన్నాడు. వెయ్యలేదు. వేస్తే తన తెలివి ఎంతో ఊరికి తెలిసిపోతుంది మరి. ఆ రోజు ఆటోలో ఆవిడ ఒక్కటే మాటన్నారు. "నేనెప్పుడూ తప్పు పాఠం చెప్పలేదమ్మా. ఇదొక్కటి నా పేరున మిగిలిపోద్ది."

నిన్న చర్చిలో ఆవిడ జ్ఞాపకార్థం ఆదరణ కూడిక జరిగింది. బతికుండగా గుమ్మం తొక్కని వాళ్ళంతా ముందు వరసలో కూర్చున్నారు. అధ్యక్షుడు ఫ్లెక్సీతో వచ్చాడు. దాని మీద ఆవిడ బొమ్మకన్నా ఆయన బొమ్మ పెద్దది. మైకు అందుకుని, "కల్డెరా మన కాగులోంచే పుట్టిందని లోకానికి చాటిన మాతృమూర్తండీ మా టీచరు గారు," అని కళ్ళు తుడుచుకున్నాడు. కన్నీళ్ళు కనబడలేదు, రుమాలు మాత్రం ఖరీదైనదే.

నేను ఎప్పుడూ సభలో లేచినదాన్ని కాదు. సంచిలోంచి ఆవిడ చిత్తు ప్రతి తీసి, నిలబడి ఒక్క వాక్యం చదివాను. "మన కాగుకూ వాళ్ళ కల్డెరాకూ చుట్టరికం లేదు, ఆలోచన ఒకటే."

"అక్కగారండీ, ఇలాంటప్పుడు ఎందుకండీ ఇయ్యన్నీ?" అన్నాడు మైకులోనే.

"ఇంకెప్పుడండీ?" అన్నాను.

వెనక వరసలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

సాయంత్రం వాళ్ళ పెరట్లోకి వెళ్ళాను. గీజరు వచ్చాక కాగును గోడ వార పెట్టేశారు. మూత లేదు. మొన్నటి వానకు సగం నిండింది.

"దోమలొస్తాయండీ, ఒంపేసెయ్యనా?" అంది కోడలు.

"రేపు ఒంపుదువుగాని," అన్నాను.

అంచు చుట్టూ పాత మసి. మధ్యలో నీళ్ళు కదలకుండా ఉన్నాయి.