మౌలాకు వినపడని ఈల

గూడూరులో రేకు పెట్టెలు చేసే అమీర్ బాషా కొడుకు మౌలా. మీసాలు రాకముందే సుత్తి పట్టాడు. పొద్దంతా ఇనప రేకు మీద దెబ్బ పడుతూనే ఉండేది. సాయంత్రమైతే చిల్లకూరు దారిలోని జయరామయ్య నిమ్మతోటకు పోయి, అక్కడి మోటబావిలో ఈదేవాడు. జయరామయ్య మద్రాసులో చదువుకునే రోజుల్లో ఈత పోటీలకు దిగినవాడు. మౌలా ఈత చూసి ఆయనకు ఆశ పుట్టింది. 1961 వేసవిలో మద్రాసులో జరిగే పోటీకి అతణ్ణి తీసుకుపోవాలని పట్టుబట్టాడు.

నీళ్లలో మౌలాను అందుకునేవాడు లేడు. చిక్కంతా దూకడంలోనే. చప్పట్లు కొడితే రెప్పపాటులో గట్టు వదిలేవాడు. ఈల ఊదితే మాత్రం ఆలస్యమే.

"మనసు యాడ పెట్టుకోనుండావురా?" అని జయరామయ్య కసిరేవాడు.

మౌలా తల వంచుకుని మళ్లీ గట్టెక్కేవాడు. ఇంట్లో చెల్లెలు ముంతాజ్ చేత చెంబు మీద గరిటెతో కొట్టించుకుని, ఆ చప్పుడుకు ఎగిరి దూకడం నేర్చుకునేవాడు.

పోటీ దగ్గరపడ్డాక ఒకనాడు జయరామయ్య నిమ్మచెట్ల చాటున నిలబడి ఈల ఊదాడు. మౌలా కదల్లేదు. దగ్గరికొచ్చి ఊదాడు. వీపు వెనకే నిలబడి ఊదాడు. మౌలా గట్టు మీద వంగి, కాలివేళ్లు రాతికి బిగించి అలాగే ఎదురుచూస్తున్నాడు. భుజం మీద చెయ్యి పడగానే తిరిగి చూశాడు.

"ఊదండన్నా, తయారుగానే ఉండా."

జయరామయ్య అప్పుడే ఊదిన ఈలను ఎత్తి చూపించాడు. ఆయన ముఖం చూసి మౌలాకు అర్థమైంది. వాళ్ల నాయనకూ ముందు సైకిలు గంటలాంటి సన్నని మోతలే వినపడకుండా పోయాయి. ఇప్పుడు పక్కన నిలబడి అరిచినా పలకడు.

"మరి ఇన్నాళ్లూ ఎట్టా దూకినావురా?"

"మీ బుగ్గలు ఉబ్బడం చూసి."

"ఇంక వద్దులే మౌలా. మానుకుందాం."

"లేదన్నా. పక్కోడి కాళ్లు చూసి దూకతా. ఒక్కసారికి పోనీయండి."

కాదనలేక తీసుకుపోయాడు. మద్రాసులో, పక్క వరసలోని వాడు తొందరపడి ఈలకు ముందే నీళ్లలో పడ్డాడు. వాడితోపాటే మౌలా దూకాడు. వెనక్కి రమ్మని ఈల మీద ఈల వేశారు. పక్కవాడు ఆగిపోయాడు. మౌలా ఆగలేదు. ఎన్నడూ ఈదనంత వేగంగా ఈది, ఎవరూ తనను అందుకోలేదన్న సంబరంతో అవతలి గోడ తాకాడు. తలెత్తి చూస్తే నీళ్లలో తానొక్కడే ఉన్నాడు. మిగతావాళ్లు దూరంగా గట్టు మీద నిలబడి ఉన్నారు. జనం పగలబడి నవ్వుతున్నారు. ఆ నవ్వు మాత్రం అతనికి లీలగా వినపడింది.

జయరామయ్య పోటీ పెద్దలను ఎంతో బతిమాలాడు. ఈల వినపడనివాణ్ణి మళ్లీ నిలబెట్టడం కుదరదన్నారు.

తిరుగు రైల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. నాయుడుపేట దాటాక మౌలా అన్నాడు: "గోడ తాకేదాకా నేనే గెలిచినాననుకున్యా అన్నా."

జయరామయ్య కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాడు.

చెవులు పోయేది సుత్తి మోతకేనని తెలిసినా మౌలాకు వేరే పని రాదు. ఆ పనే చేశాడు. నాలుగైదేళ్లకు రైలు కూత కూడా వినపడకుండా పోయింది. జయరామయ్య అప్పుడప్పుడూ వాళ్ల పెట్టెల అంగడికి వచ్చి, "తోటకు రా మౌలా, ఊరికే ఈదిపోదువు," అని చేతులతో సైగ చేసేవాడు. మౌలా సరేనన్నట్టు తల ఊపి, రేకు దగ్గరికి లాక్కునేవాడు. వెళ్లలేదు.