మా పెద్ద యారాలు చూసుకున్న రూటర్ గది

మొన్న శుక్రవారం దీపం పెట్టి లేస్తుంటే మా పెద్ద యారాలు పోయిందని ఫోన్ వచ్చింది. దవాఖానలో చేర్చి వారం కూడా కాలేదు. మా ఆయన అన్న భార్య ఆమె. నేను అక్కా అనేదాన్ని. వాళ్లింటికి పోయి చాలాసేపు ఏడ్చాను. వాకిట్లో ఎవరెవరో వచ్చి "మాకు పని నేర్పింది ఆమెనే" అంటుంటే మాత్రం, నాకు తెలియకుండా ఇంతమందికి ఎప్పుడు నేర్పిందో అని లోపల కుట్టింది. ఆమె మీద నా అసూయ అంత పాతది.

తొంభైల చివర్లో నల్లగొండలో ఫోన్ లైన్ల మీద ఇంటర్నెట్ ఇచ్చే చిన్న ఆఫీసులో ఇద్దరం చేరాం. ఇద్దరిదీ పదో తరగతే. బయటివాళ్లు ఫోన్ కలిపితే వాళ్లను లోపలికి తీసుకునే పెట్టె రూటర్. దాన్ని చూసుకోవడానికి ఒకరు కావాలన్నాడు సారు. ఆ ఒక్కరికే ఉద్యోగం ఖాయం. ఇద్దరం గుట్ట మీది గుడికి పోయినప్పుడు ఆ ఉద్యోగం నాకే రావాలని నరసింహస్వామికి మొక్కాను.

"నువ్వేం మొక్కినవక్కా?"

"ఆ పెట్టె కాలిపోవద్దని."

సారు ఇద్దరికీ ఒకే పని పెట్టాడు. ఉన్న అడ్రసు నంబర్ల వరుసను రెండు సబ్‌నెట్‌లుగా, అంటే రెండు ముక్కలుగా చీల్చి, ఒకటి ఆఫీసు కంప్యూటర్లకు, ఒకటి ఫోన్‌లో వచ్చేవాళ్లకు ఇవ్వాలి. నేను నంబర్లు పంచాను గాని, వరుస ఎక్కడ చీలుతుందో చెప్పే మాస్క్‌ను మార్చలేదు. వైరు తగిలించే రెండో ద్వారానికి, అంటే రెండో ఇంటర్‌ఫేస్‌కు నంబరు ఇస్తే రూటర్ తీసుకోలేదు.

"రెండు గల్లీలకు ఒకటే ఇంటినంబర్లు ఏస్తే చిట్టీలు ఎటు పోవాలె చెల్లె?" అని అక్క నవ్వింది. ఎంటర్ కొట్టే ముందు కొంగుతో చేయి తుడుచుకోవడం ఆమెకు అలవాటు. మాస్క్ మార్చి, చేయి తుడుచుకుని కొట్టింది. రూటర్ తీసుకుంది. రూటర్ గది ఆమెకు దక్కింది. నాకు ఫోన్లు ఎత్తే పని, అదీ వాళ్లు ఉంచినన్నాళ్లే.

ఇంటికొచ్చిన చుట్టాలకు అత్తమ్మ చెప్పేది. "మా పెద్దకోడలు మిషన్ నడిపిస్తది."

"మరి చిన్నామె?"

"ఆమె హలో అంటది."

తర్వాత హుజూర్‌నగర్‌లో ఇంకో రూటర్ పెట్టారు. అక్క నల్లగొండలో కూచునే దాన్ని సరిచేస్తూ, తాను ఏ ఇంటర్‌ఫేస్ గుండా లోపలికి పోయిందో దాని నంబరునే మార్చేసింది. అంతే, లైను పోయింది. ఎవరో ఒకరు అక్కడికి పోయి పెట్టెకు నేరుగా వైరు పెట్టి నంబరు సరిచేయాలి.

"నువ్వు పో చెల్లె. నేను పోతే ఈ దిక్కు చూసేటోళ్లు లేరు. నువ్వైతే చదువుకుంట నిమ్మళంగ కొడతవు."

బస్సులో ఆమె తప్పు తలచుకుంటే నాకు హాయిగానే ఉంది. దేవుడు క్షమించాలి.

అక్కడ నంబరు, మాస్క్ ఒక్కొక్క అంకె చదువుకుంటూ కొట్టాను. కాసేపటికి లైను కలిసి నల్లగొండ రూటర్ పలికింది. అక్కతో మాట్లాడుతూ చెవి దగ్గర ఫోన్ పెట్టుకునే ఉన్నాను. అటు సారు గొంతు వినిపించింది.

"ఎవరు చేసిండ్రమ్మా?"

"నేను తెంపిన సార్. మా చెల్లె కలిపింది. ఆ ఊరి పెట్టె ఆమెకే ఇయ్యండి."

నా ఉద్యోగం అట్లా ఖాయమైంది. తన తప్పును పదిమందిలో అంత తేలిగ్గా చెప్పుకున్న ఆ గొంతు మీద అసూయ మాత్రం ఆ రోజు ఇంకా పెరిగింది. నేను రిసీవర్ పట్టుకునే నిలబడ్డాను. ఎదురుగా పెట్టె మీద పచ్చ లైటు వెలిగి ఆరుతోంది. అటువైపు ఆమె ఫోన్ పెట్టడం మరిచి అప్పుడే ఇంకో పనిలో పడింది. కీబోర్డు మీద ఆమె గాజుల చప్పుడు నా చెవిలో మోగుతూనే ఉంది.