ఉప్పు ఆఖర్న

దోహాలో మా వంటింట్లో గోవా రొయ్యల కూర ఉడుకుతోంది. నూరిన ఎండుమిర్చి, కొబ్బరి కలిసిన ఆ ఘాటు తగిలితే ఇప్పటికీ నాకు తెలియకుండానే గోడకు ఆనుకుంటాను.

నా చిన్నప్పుడు దోహా పక్కనే ఉన్న ఉమ్ సలాల్‌లో ఉండేవాళ్ళం. పక్క పోర్షన్‌లోని గోవా ఆంటీ దగ్గర అమ్మ ఈ కూర నేర్చుకుంది. "ఉప్పు ఆఖర్నే వెయ్యాలంట. లేకపోతే కొబ్బరిపాలు విరిగిపోతాయంట" అని ఓ రోజు నాకు చెబుతూ కలుపుతోంది. అప్పుడే నాన్న డ్యూటీ నుంచి వచ్చాడు.

"ఇంకా అవ్వలేదా?"

"ఐదు నిమిషాలండి. ఉప్పేసి దింపేస్తా."

నాన్న కూరలోని ఇనుప గరిటె లాక్కుని అమ్మ నుదుటి మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. గిన్నెను గోడకేసి విసిరాడు. రొయ్యలు నా కాళ్ళ దగ్గర పడ్డాయి. తలుపు విరిగిపోయేలా వేసి వెళ్ళిపోయాడు.

అమ్మ చెంప మీదుగా ఎర్రగా కారుతోంది. కూరే అనుకుని వేలితో తుడిచి నాకాను.

"ఉప్పగా ఉందమ్మా."

"కూరేలే తల్లీ. ఉప్పెక్కువైంది" అంది, నుదుటికి కొంగు అదుముకుంటూ.

నమ్మాను. ఉప్పెక్కువైనందుకే కొట్టాడని కూడా చాలా ఏళ్ళు అనుకున్నాను.

ఇక్కడ నా కూర దగ్గరపడింది. ఇప్పుడు ఉప్పు డబ్బా మూత తీశాను. ఆ రోజు అమ్మ ఉప్పు డబ్బా మూత తీయనేలేదు.