పటేలు ముందు పెట్టిన చెంబు

ఆ పటేలును నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆయన చచ్చి చాలా ఏళ్ళయింది, అయినా క్షమించలేదు.

వేములవాడ దారిలో ఉన్న మా ఊరికి తాగునీళ్ళు ఆయన తాత తవ్వించిన దిగుడు బావివే. అందరం మెట్లు దిగి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి బిందెలు ముంచుకునేవాళ్ళం. మా వైపు అమ్మను అవ్వ అంటాం. నా చిన్నప్పుడు అవ్వ చీలమండ దగ్గర నారి కురుపు లేచింది. పుండులోంచి వచ్చే దారంలాంటి పురుగును పుల్లకు చుట్టి రోజూ కొంచెం కొంచెం లాగాలి, తెగకూడదు. అలా సగం వచ్చింది. వెట్టిచాకిరీ పోయిందని అందరూ చెప్పుకుంటున్న రోజులే అవి. పటేలు ఇంట్లో పెళ్ళి, నీళ్ళు మొయ్యడానికి రమ్మని కబురు. అవ్వ కాలు చూపించి బతిమాలింది.

"బిందె మోసేది నెత్తి మీద గదా, కాలు మీద గాదు గదా" అన్నాడు పటేలు.

మోసింది. పురుగు లోపలే తెగింది. కాలు చీము పట్టి మోకాలు బిగుసుకుపోయింది. బాపు పోయాక మగ్గం నేసేది అవ్వే. ఆ కాలితో ఇక మగ్గం తొక్కలేకపోయింది. పక్కిళ్ళ మగ్గాలకు నూలు కండెలు చుట్టి నన్ను సైన్సు చదివించింది.

కాలేజీలో ఉండగా ఒక ఎండాకాలం ఆరోగ్య శాఖ వాళ్ళు పల్లెల్లో ప్రచారానికి విద్యార్థులను తీసుకున్నారు. ఏ ఊరు కావాలంటే మా ఊరే కావాలన్నాను. సేవ చేద్దామని కాదు. ఆ బావి మెట్లు మూయించాలి, అదీ పటేలు చూస్తుండగా మూయించాలి.

పటాలు చూపించి ఉపన్యాసాలిచ్చాను. పుండున్న కాలు నీళ్ళలో పెడితే పురుగు పిల్లలు నీళ్ళలో చేరతాయని, ఆ నీళ్ళు తాగితే మళ్ళీ ఒంట్లోకి వస్తాయని చెప్పాను. ఆడవాళ్ళు తలలూపి, బిందెలెత్తుకుని అదే బావికి పోయారు. మెట్లు మూసి చేదబావి చేద్దామని హెల్త్ ఇన్‌స్పెక్టరు అడిగితే పటేలు నవ్వాడు.

"నిన్నమొన్నటి పోరి నా బావికి వంక పెడ్తదా? కొబ్బరినీళ్ళ లెక్కుంటయి గా నీళ్ళు."

తాను తాగేది మాత్రం తన ఇంట్లో ఉన్న చేదబావి నీళ్ళు. నా ఒళ్ళు మండింది.

మర్నాడు బడి ముందు సభ పెట్టించి ఆయనకు ముందు వరసలో కుర్చీ వేయించాను. మా కులపోళ్ళ చేతి నీళ్ళు ముట్టననే సాకు దొరక్కూడదని, ఆయన జీతగాడితోనే, ఆయన ఇంటి చెంబుతోనే దిగుడు బావి నీళ్ళు తెప్పించాను. ఒక చుక్క ఆరోగ్య శాఖ వాళ్ళిచ్చిన మైక్రోస్కోపు కింద పెట్టి, పెద్దమనిషి కదా, మొదట ఆయన్నే చూడమన్నాను. వంగాడు. చాలాసేపు తల ఎత్తలేదు.

"ఏం కనవడ్డది పటేలా?"

"ఏం లేదు. మంచి నీళ్ళే."

"గట్లయితే జర తాగుండ్రి."

చెంబు ఆయన ముందు పెట్టాను. ఊరంతా చూస్తోంది. చెంబు అందుకుని మూతి దాకా తెచ్చాడు, దించాడు. "దూప లేదు" అన్నాడు, మండుటెండలో చెమటలు కారుతుంటే. వెనక ఎవరో ముసలామె కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు నాకెంత తియ్యగా ఉందో చెప్పలేను.

సాయంత్రానికి ఆడవాళ్ళే బండలు దొర్లించి మెట్ల దారి మూసేశారు. ఇన్‌స్పెక్టరు ఒడ్డున గిరక బిగించాడు. పటేలు దూరంగా నిలబడి చూశాడు.

ఇంటికి పరుగెత్తి అంతా అవ్వకు చెప్పాను.

"తాగనే లేదా?" అంది.

"లేదవ్వా. భయపడ్డడు."

అవ్వ బిగుసుకుపోయిన కాలిని రెండు చేతులతో పక్కకు జరుపుకుంది.

"ఎట్లనన్న జేసి తాపకపోతివి బిడ్డా" అంది.