మెయిన్ తీసినా లేచే లినక్స్

మా శిక్షణ కేంద్రానికి లినక్స్ ఎలా వచ్చిందో భిలాయిలో ఇప్పటికీ ఒకే రకంగా చెప్తారు. శేఖర్ అనే కుర్ర ఇంజినీరు అచ్చం విండోస్‌లా కనబడేదాన్ని వెతికి తెచ్చాడట, అందరూ ఒక్క పూటలో అలవాటు పడిపోయారట. శేఖర్ తెచ్చిన మాట నిజం. తక్కినదంతా అబద్ధం. అక్కడ ఉన్నదాన్ని నేను.

అప్పటికి ఛత్తీస్‌గఢ్ వేరు రాష్ట్రమై ఐదారేళ్లయింది. నన్ను సెక్టర్ 2లోని ఒక సంక్షేమ సంఘం శిక్షణ కేంద్రంలో కంప్యూటర్ ఇన్‌స్ట్రక్టర్‌గా వేశారు. సీనియర్ అసిస్టెంటు కన్నా ఒక మెట్టు పైన, ఆఫీసరు కన్నా ఒక మెట్టు కింద. అంటే పని ఆఫీసరుది, కుర్చీ అసిస్టెంటుది. ల్యాబులో విండోస్ ఉండేది, దానికి లైసెన్సు ఉండేది కాదు. వైరసులకు మాత్రం కొదవ లేదు. దొంగ కాపీలన్నీ తీసెయ్యాలనీ, రాబోయే టైపింగ్ పరీక్షలోగా ల్యాబు నడవకపోతే మూసేస్తామనీ పైనుంచి ఆదేశం వచ్చింది.

మా దగ్గర టైపింగ్ నేర్చుకునే ఎస్తేరుకు ఆ పరీక్ష మీదే ఆశంతా. శ్రీకాకుళం వైపు మనిషి. ఉక్కు ప్లాంటులో క్రేన్ ఆపరేటరుగా చేసిన భర్త పోయాక కారుణ్య నియామకం కింద క్యాంటీన్‌లో చేరింది. పాసైతే ఊళ్లోనే మరోదా సెక్టరు ఆఫీసులో గుమాస్తా పని. లేకపోతే రిటైరయ్యేదాకా ఆ పెద్ద గిన్నెలు ఎత్తడమే. నడుము అప్పటికే మొరాయిస్తోంది.

లినక్స్ ఉచితం. అయితే లినక్స్ అంటే ఒక్కటే కాదు. ఒక్కో బృందం దానికి తనకు నచ్చిన తెరనూ ప్రోగ్రాములనూ చేర్చి మూటకట్టి ఇస్తుంది. ఆ మూటనే డిస్ట్రిబ్యూషన్ అంటారు. శేఖర్ మూడు తెచ్చాడు. మూడూ లైవ్ సీడీలు, అంటే హార్డ్ డిస్కును ముట్టుకోకుండా సీడీ మీదనుంచే నడిచి చూపించేవి. ఒకదానికి నీలం తెర, కింద ఎడమమూల బటన్, అంతా విండోసే. "దీదీ, బిల్‌కుల్ సేమ్ టు సేమ్. ఆంటీలకు ఫరకే తెలీదు," అన్నాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు, తెలుగు కూడా హిందీలోనే మాట్లాడతాడు. ఆ ఆంటీల్లో నన్నూ కలిపావా అని అడిగితే నవ్వి తప్పించుకున్నాడు.

అదే ఎక్కించాం. మర్నాడు పొద్దున సగం యంత్రాలు నల్లటి తెరతో నిలబడిపోయాయి. డిస్కు తనిఖీ చెయ్యాలి, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కొట్టమని ఇంగ్లీషులో అడుగుతున్నాయి. జడిసినవాళ్లు మళ్లీ కరెంటు ఆపేశారు. దాంతో ఇంకా చెడ్డాయి.

కారణం ఆ మధ్యాహ్నం నా కళ్లముందే జరిగింది. క్లాసు అవగానే ఎస్తేరు లేచి, యంత్రం నడుస్తుండగానే గోడకున్న దాని మెయిన్ స్విచ్ తీసేసింది. పక్కవాళ్లు కూడా ఎవరి స్విచ్ వాళ్లు తీసేశారు. ఇదేమిటని అడిగాను.

"అదేటి మేడమ్ అలగడుగుతారు? డూటీ దిగినప్పుడు మెయిన్ తీయకుండా ఎల్లిపోతే ఆడు మనిషే కాదనీవోడు మా ఆయన," అంది.

ప్లాంటు ఇళ్లన్నిటా అదే నీతి. యంత్రం వదిలేముందు కరెంటు తెంచాలి. లేకపోతే తర్వాతి షిఫ్టులో ఎవడి చెయ్యో పోతుంది. ఇన్నాళ్లూ విండోస్ ఆ దెబ్బ తిని, మర్నాడు తనే తనిఖీ చేసుకుని లేచేది కాబట్టి మేమెవరం గమనించలేదు. సీడీ మీద నడిచేటప్పుడు డిస్కు మీద ఏమీ రాయదు కాబట్టి అప్పుడూ బయటపడలేదు.

షట్‌డౌన్ నేర్పుదామన్నాడు శేఖర్. నేర్పాం. ఎస్తేరు షట్‌డౌన్ నొక్కేది, అది ముగిసేలోపే మెయిన్ తీసేది. "ఆదత్ బదలాలి దీదీ," అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఏ అలవాటు వల్ల ఈ ఊరి మగాళ్లు పది వేళ్లతో ఇంటికొస్తున్నారో దాన్ని టైపింగ్ క్లాసు కోసం మాన్పించేది లేదు, మూట మార్చమన్నాను. మూడింటినీ మూడు యంత్రాల్లో పూర్తిగా ఎక్కించి, పని మధ్యలో ఎస్తేరు చేతే మెయిన్ తీయించాను. డిస్క్ మర్ జాయేగీ అని శేఖర్ తల పట్టుకున్నాడు. పరీక్ష రోజు చచ్చే బదులు ఇవాళే చావనీ అన్నాను. ఎస్తేరుకు మాత్రం భలే సరదాగా ఉంది. "ఇంకోపాలి తీసీమంటారా మేడమ్?" అని అడిగి మరీ తీసింది.

ఆ మూడింటిలో ప్రతిసారీ ఎవరినీ ఏమీ అడగకుండా లేచింది ఉబుంటు అనే మూట ఒక్కటే. గోధుమరంగు తెర, మెనూ పైన, విండోస్ పోలికే లేదు. బురద రంగని శేఖర్ సణిగాడు. మా యంత్రాల మీద, అప్పటి వెర్షన్లతో తేలిన ఫలితం అది. శాశ్వత తీర్పని నేననను. మెనూ పైకి పోయిందని మావాళ్లు రెండు రోజులు గొణిగి ఊరుకున్నారు.

పరీక్ష రోజు ఎస్తేరు పేజీ పూర్తిచేసి, లేచి, మెయిన్ తీసేసింది. పర్యవేక్షకుడు ఇంకా తెర చూడనే లేదు. పేజీ ఏదమ్మా అని గొంతు పెంచాడు. "లోపలుంది కదండి. సేవ్ కొట్టే లేచినాను," అంటూ ఆమె తాపీగా మెయిన్ వేసింది. యంత్రం లేచింది. పేజీ తెరుచుకుంది. ఆయన దిద్దాడు. ఎస్తేరు మరోదాలో చేరింది.

కొత్తవాళ్ల కోసం ఒక పరికరం ఎంచేటప్పుడు వాళ్ల చేతులకు అప్పటికే ఏ అలవాటు ఉందో ముందు చూడాలని అక్కడ నేర్చుకున్నాను. స్వచ్ఛంద విరమణ తీసుకున్నాక తీరిక దొరికి, విండోస్ నుంచి వచ్చేవాళ్లకు ఏ లినక్స్ మంచిదో చెప్పే రాతలు చాలా చదివాను. రంగులు పోలుస్తారు, మెనూలు పోలుస్తారు. పని ముగించి కుర్చీలోంచి లేచే మనిషి చివరగా ఏం చేస్తుందో వాళ్లలో ఒక్కరైనా ఎందుకు అడగరు?