రేవు దారి పట్టిన చిన్ని

ప్రిస్కిల్లా లేసు అల్లుతూ తల ఎత్తేసరికి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. చిన్ని లేదు.

తొమ్మిదేళ్ల పిల్ల. ఆటిజం. మాటలు రావు, పిలిస్తే పలకదు, గట్టిగా అరిస్తే చెవులు మూసుకుని ఇంకా దూరం పోతుంది. తల్లి కళ్లు గప్పి వెళ్లిపోవడం కొత్తేమీ కాదు. ప్రతిసారీ దొరికాక రెండు తగిలించడం, ఆనక తనే కూర్చుని ఏడవడం. "అది పారిపోవడం కాదండీ. ఏదో కావాలని వెళ్తుంది, అదేంటో కనిపెట్టండి. ఇరుగుపొరుగుకీ చెప్పి ఉంచండి," అని స్కూల్లో ఇంద్రజ టీచరు చెప్తూనే ఉంది. కనిపెట్టడానికి తీరిక లేకపోయింది, చెప్పడానికి మొహం చెల్లలేదు.

పక్కింటి సంపూర్ణమ్మ అరుగు మీదే ఉంది. "ఇందాకే చూశానే, రేవు వైపు వెళ్తోంది."

"ఆపలేదేంటి పిన్నీ!"

"బాగైపోయిందని చర్చిలో నువ్వే సాక్ష్యం చెప్పావు కదే! ఏదో కొనుక్కురమ్మని పంపావనుకున్నా."

పోయినేడు చిన్ని ఒకే ఒక్కసారి "అమ్మా" అంది. ఆ సంబరంలో ప్రిస్కిల్లా ఆదివారం నిండు సంఘంలో లేచి, ప్రార్థనతో బిడ్డ బాగైందని చెప్పేసింది. పిల్ల ఆ మాట మళ్లీ అనలేదు. ఆ సంగతి తల్లి ఎవరికీ చెప్పలేదు. ఎంత పిచ్చిపని! ఇప్పుడు చిన్ని ఒంటరిగా పోతుంటే ఊళ్లో ఎవరు చూసినా ఊరుకుంటారు.

పరుగెత్తింది. చెప్పులు ఎక్కడ జారాయో తెలీదు. గోదావరి పోటు మీద ఉందన్న భయం తప్ప ఇంకేమీ తోచలేదు.

బళ్లనీ మనుషులనీ దాటించే పంటు అవతలి ఒడ్డు నుంచి వస్తోంది. చిన్ని మోకాలి లోతు నీళ్లలో నిలబడి దాన్నే చూస్తోంది. ఇంకాస్త ముందుకెళ్తే లోతు.

వెనకే వచ్చిన సంపూర్ణమ్మ, దారిలో కలిసిన చర్చి ఆడవాళ్లు "చిన్నీ! ఆగవే!" అని కేకలు మొదలెట్టారు. పిల్ల చెవులు మూసుకుని ఒక అడుగు ముందుకేసింది.

ప్రిస్కిల్లా వెనక్కి తిరిగి దండం పెట్టింది. "అరవకండమ్మా, మీ కాళ్లు పట్టుకుంటాను! అరిస్తే లోపలికి పోతుంది. దానికేం బాగవలేదు. నేను చెప్పింది అబద్ధం."

కేకలు ఆగిపోయాయి. పంటు ఇంజను చప్పుడొక్కటే వినిపిస్తోంది. ఆమె నీళ్లలోకి దిగి, పక్కన నిలబడి, పిల్ల చేయి పట్టుకుంది. లాగలేదు. ఇన్నాళ్లూ ఈ పంటు కోసమేనా తల్లీ? రోజూ నేనే తీసుకొస్తాను కదా! పంటు ఒడ్డున ఆగాక చిన్ని తనంతట తనే వెనక్కి తిరిగింది.

సంపూర్ణమ్మ వంగి పిల్ల తడి గౌను పిండుతూ అంది: "ముందే చెప్పుంటే నేనే చేయి పట్టుకుని ఇంటికి తెచ్చేదాన్ని కదే."